భోజనానికి ముందు మాత్ర

ఆ పొద్దున ఆకాశం కురవలేదు, తెరపివ్వలేదు. బూడిదరంగు మబ్బులు స్టేషను మీదుగా వచ్చి, సీతాఫల్‌మండి డాబాల మీద ఆగినట్టే ఆగి, మౌలాలి గుట్ట వైపు జరిగిపోతున్నాయి. ఎండ లేదు గానీ ఉక్కగా ఉంది. దండెం మీది బట్టలు నిన్నటి నుంచీ తడి ఆరలేదు.

డాక్టరు జకర్యా డాబా మీద ఆ చివర నుంచి ఈ చివరకి తిరుగుతున్నాడు. చేతిలో కాఫీ చల్లారిపోయింది. రేపు ఆదివారం మధ్యాహ్నం తన పాత పేషెంటు దేముడమ్మను ఆమె ఇంట్లోవాళ్ళు కీసర దారిలో ఉన్న ఒక వృద్ధాశ్రమంలో దిగబెట్టి వస్తారు. ఆమెకు మతి చెడిందని వాళ్ళకు చెప్పింది తనే. చెప్పినప్పుడు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఇప్పుడెందుకో కాలు నిలవడం లేదు.

బట్టలు తడిమి చూడడానికి భార్య మార్త పైకి వచ్చింది. ఆమె మిషన్ బడిలో టీచరు. పిల్లలతో మాట్లాడినట్టే మొగుడితోనూ మాట్లాడుతుంది.

"ఏమండీ, ఆ గచ్చు అరిగిపోతుంది. పరీక్ష ఉన్న పిల్లలు మీకన్నా నిమ్మళంగా ఉంటారు."

"పరీక్ష కాదు మార్తా, క్లాసు రిపోర్టు. ఒక ముసలి పేషెంటును ఇంటికెళ్ళి చూసి రాయాలి. సోమవారానికి పంపాలి."

"అయితే వెళ్ళి చూడండి. డాబా మీద మీరు తప్ప ముసలివాళ్ళెవరూ లేరు."

జకర్యాకు అరవై దగ్గర పడుతున్నాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు వచ్చాక ఊళ్ళో అద్దాల ఆసుపత్రులు లేచాయి. పుట్టినప్పటి నుంచీ అతను మందిచ్చిన పిల్లలు కూడా వాటికే పోతున్నారు. వాళ్ళ అమ్మానాన్నలు మాత్రం ఇంకా అతని దగ్గరికే వస్తున్నారు. ఉన్నది వాళ్ళే కాబట్టి వాళ్ళ వైద్యమే సరిగ్గా నేర్చుకుందామని, ఇంటి డాక్టర్ల కోసం ఒక పెద్దాసుపత్రి పెట్టిన దూరవిద్యలో చేరాడు. పాఠాలు సీడీల మీద పోస్టులో వస్తాయి. శనివారం మధ్యాహ్నం ఫోనులో క్లాసు. వేరువేరు ఊళ్ళ డాక్టర్లంతా ఒకే లైనులోకి వస్తారు. అవతల నుంచి ఒక డాక్టరమ్మ పాఠం చెబుతుంది. ఆమె ముఖం ఎలా ఉంటుందో జకర్యాకు తెలియదు.

మూడో పాఠం సందెవేళ తికమక గురించి. మతిమరుపు జబ్బు ఉన్న ముసలివాళ్ళు పగలంతా బాగానే ఉండి, దీపాలు పెట్టే వేళకు దారి తప్పిపోతారట. అది చదివిన వారంలోనే దేముడమ్మ కొడుకు కన్నారావు వచ్చి, అమ్మ రాత్రయితే మనుషుల్ని గుర్తుపట్టడం లేదని చెప్పాడు. ఒక రాత్రి కాప్రా చెరువు గట్టు మీదికి పోయి, పడవొచ్చిందా అని దారినపోయే వాళ్ళని అడిగిందట. పాఠంలోని ముక్కలన్నీ వచ్చి సరిగ్గా కూర్చున్నాయి. జకర్యా ఆ జబ్బు పేరు చెప్పేశాడు.

*

క్లినిక్ తలుపులు తీసేసరికి కన్నారావు బెంచీ మీద కూర్చుని నిద్రపోతున్నాడు. పక్కన దేముడమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని, మందుల బీరువా కేసి చూస్తోంది. వాళ్ళది భీమిలి పక్కన సముద్రం ఒడ్డు పల్లె. కన్నారావు చదువుకుని ఇక్కడికి వచ్చి, మొదట సీతాఫల్‌మండిలోనే అద్దెకుండేవాడు. మొన్నమొన్న కాప్రాలో ఫ్లాటు కొన్నాడు. ఇల్లు మారినా డాక్టరును మార్చలేదు.

కాంపౌండరు బ్రహ్మచారి ఆమె వేలు పొడిచి షుగరు మిషను చూశాడు.

"మళ్ళ ఎక్కువనే ఉంది సార్. పోయిన నెల గోలీ పెంచినం గద. తగ్గుడు మాట దేవుడెరుగు, ఇంత పైకెక్కింది."

"పరగడుపునే వచ్చావా అమ్మా?" అన్నాడు జకర్యా.

"అవును బాబూ. రేతిరి తిన్నదే. మల్లేటీ నోట ఎట్టనేదు."

కన్నారావు కళ్ళు నలుపుకుంటూ లేచాడు. "సార్, ఆ పేపరు ఇస్తే వెళ్తాం. హోమ్ వాళ్ళు డాక్టరు రాసిచ్చింది అడుగుతున్నారు. నేను పడుకుని రెండు గంటలు కాలేదు. ఇవాళ కూడా షిఫ్టు ఉంది."

జకర్యా పెన్ను తీశాడు. మూత తీశాడు. మళ్ళీ పెట్టాడు. ముసలివాళ్ళతో మాట్లాడండి, వాళ్ళని తెచ్చినవాళ్ళతో కాదు అని డాక్టరమ్మ మొదటి పాఠంలో చెప్పింది. ఇన్నేళ్ళుగా అతను కన్నారావుతోనే మాట్లాడాడు.

"కొంచెంసేపు బయట కూర్చో కన్నారావ్."

"ఏటండీ, నా ఎదురుగానే అడగొచ్చు కదా?"

"కూర్చో బాబూ. టీ తాగు."

కన్నారావు గొణుక్కుంటూ బయటికి పోయాడు. జకర్యా కుర్చీని ఆమె ముందుకు లాక్కున్నాడు.

"దేముడమ్మా, ఇవాళ ఏ వారం?"

"శెనివారం. నీకు తెల్దా బాబూ?"

"నీ మనవరాలు ఏ క్లాసు?"

"ఒకటో క్లాసు. పూజిత. నెక్కలు రావు దానికి, వాళ్ళ నాన్న పోలికే." ఆమె నవ్వలేదు గానీ కళ్ళ దగ్గర ముడతలు కదిలాయి. "ఎందుకడుగుతున్నావో నాకు తెలుసు. పొద్దుటేల నాకు మతి బాగానే ఉంతాది. సందె దాటితేనే ఎవులో పట్టీసినట్టు ఉంతాది. ఒళ్ళంతా సెమట. కాల్లు నావి కావు. అప్పుడేటంతానో నాకే తెల్దు."

"తిండి తింటున్నావా?"

"తింతాను. తినకపోతే బతుకుతానేటి?"

"హోమ్‌కు పోవడం నీకు ఇష్టమేనా?"

ఆమె మళ్ళీ బీరువా కేసి చూసింది. "సిన్నపిల్ల ఉంది ఇంట్లో. మొన్న నాను గ్యాసు తిప్పీసి ఎలిగించనేదంట. కోడలు బయపడింది. దానిది తప్పేటి?"

జకర్యా బయటికి వచ్చి, సాయంత్రం తానే కాప్రా వస్తానని, పేపరు అప్పుడు తెస్తానని చెప్పాడు. కన్నారావు చేతిలో టీ గ్లాసు అలాగే ఉంది.

"సాయంత్రం నేనుండను సార్, ఆఫీసులో ఉంటాను. దేవిక ఉంటుంది. మీరు మాత్రం మరిచిపోకండి. రేపు పన్నెండింటికి హోమ్ వాళ్ళ కారు వచ్చేస్తుంది."

వాళ్ళు వెళ్ళాక బ్రహ్మచారి అన్నాడు: "గా పేపర్ మీద సంతకమే గద సార్. గంత పరేషాన్ ఎందుకైతున్రు?"

"పని చూసుకో," అన్నాడు జకర్యా. పొద్దునంతా తర్వాత వచ్చిన వాళ్ళ మాటలు అతనికి సగమే వినబడ్డాయి.

*

రెండింటికి ఫోను క్లాసు మొదలైంది. స్పీకరు గురగురలాడుతోంది. ఎవరి ఇంట్లోనో కుక్కరు కూత పెట్టింది.

"రాజమండ్రి డాక్టరుగారూ, కుక్కరు దింపి రండి. మా అందరికీ ఆకలేస్తోంది," అంది డాక్టరమ్మ గొంతు. లైనులో నవ్వులు. "సికింద్రాబాద్, మీరు చెప్పండి."

జకర్యా చెప్పాడు. డెబ్బై దాటిన మనిషి, షుగరు ఉంది, పొద్దున తెలివిగా ఉంటుంది, రాత్రి తికమక. మూడో పాఠంలో చెప్పినట్టే ఉందని కూడా అన్నాడు.

"మూడో పాఠం బాగా చదివారు. ఆ తికమక ఎన్నాళ్ళ నుంచి?"

"కొడుకుకు రాత్రి షిఫ్టు పడినప్పటి నుంచేననుకుంటానండి. ఫ్లాటులోకి మారాక."

"రాత్రి మాత్ర ఎప్పుడు వేస్తారు?"

"భోజనానికి ముందండి. ఏడున్నరకి. ఎనిమిదింటికి భోజనం."

"ఎవరు చెప్పారు?"

"కోడలు."

"మీరు చూశారా?"

లైనులో ఎవరో దగ్గారు.

"దీపాలు పెట్టే వేళకు వెళ్ళి ఆవిడ పక్కన కూర్చోండి. మందేమీ రాయకండి, సలహా చెప్పకండి. ఊరికే చూడండి. షుగరు మిషను తీసుకెళ్ళండి. గుంటూరు, మీరు చెప్పండి."

ఇంకా అరగంట క్లాసు ఉంది. జకర్యా చెప్పులు వేసుకుని, విప్పి, మళ్ళీ వేసుకున్నాడు.

*

సాయంత్రం బ్రహ్మచారి స్కూటరు మీద బయలుదేరారు. ఏ.ఎస్. రావు నగర్ దగ్గర బళ్ళు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. రోడ్డుకు రెండు పక్కలా కొత్త షాపుల దీపాలు. కంపెనీల తెల్ల సుమోలు హారన్లు కొడుతూ మనుషుల్ని షిఫ్టులకు మోసుకుపోతున్నాయి.

"సార్, గీ వయసుల చదువుడు ఏం తక్లీఫ్ సార్ మీకు. మా పోరడు సుత ఇంత బయపడడు టెస్టులకు," అన్నాడు బ్రహ్మచారి వెనక్కి తిరక్కుండా.

"ముందు చూసి నడుపు."

"చూస్తనే ఉన్న. బండి పోతలేదు, నేనేం జెయ్యాలె?"

ఫ్లాటు మూడో అంతస్తులో ఉంది. బ్రహ్మచారి కింద బండి దగ్గరే ఆగాడు. దేవిక అప్పుడే బ్యాంకు నుంచి వచ్చినట్టుంది, మెడలో ఉద్యోగం కార్డు ఇంకా తీయలేదు. హాలు గోడ పక్కన ఒక సూట్‌కేసు సర్ది ఉంది. దాని మీద దేముడమ్మ శాలువ.

"పేపరు ఇచ్చి వెళ్ళిపోతారనుకున్నాను సార్," అంది దేవిక.

"కాసేపు కూర్చుంటానమ్మా. నీ పని నువ్వు చూసుకో."

దేవికకు అది నచ్చలేదు. అయినా కుర్చీ వేసింది. సరిగ్గా ఏడున్నరకు ఆమె సెల్‌ఫోను మోగింది. లేచి, మాత్ర తీసి అత్తగారి అరచేతిలో పెట్టి, నీళ్ళిచ్చింది. దేముడమ్మ మింగింది.

"ఒక్క రోజు తప్పలేదు సార్," అంది దేవిక. "నాకు జ్వరం వచ్చినా అలారం పెట్టుకునే పడుకున్నాను."

ఆమె పూజితకు అన్నం తినిపించింది, తనూ తింది. డాక్టరును తినమంది, అతను వద్దన్నాడు. వంటగదిలో అత్తగారి కంచంలో అన్నం, పప్పు వడ్డించి మూత పెట్టింది.

"అత్తయ్యా, తినేయండి."

"తింతానే అమ్మీ. నువ్వు గుంటని పడుకోబెట్టుకో."

"రోజూ ఇంతే సార్. మాతో కూర్చోదు. తనకి వీలైనప్పుడు తింటుంది. పొద్దున్న చూస్తే కంచం కడిగి ఉంటుంది."

దేవిక పిల్లతో లోపలికి పోయింది. దేముడమ్మ బాల్కనీ గుమ్మంలో కింద కూర్చుంది. అక్కడి నుంచి వీధి మలుపు కనిపిస్తుంది. జకర్యా వాచీ చూసుకున్నాడు. సలహా చెప్పవద్దంది డాక్టరమ్మ. కంచం మీది మూత వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాడు. వీధిలోకి బండి తిరిగిన ప్రతిసారీ ఆమె మెడ సాగుతోంది.

ఎనిమిదిన్నర దాటాక అతను ఉండబట్టలేకపోయాడు. "అమ్మా, అన్నం చల్లారిపోతోంది."

"ఆడు రానీ బాబూ."

"కన్నారావు వచ్చేసరికి తెల్లవారుజాము నాలుగు దాటుతుంది కదా?"

"దాటనీ. ఆల నాన్న సేపల ఏటకెల్తే మా ఇంట ఆడోల్లం పడవ ఒడ్డు తగిలినాకే ముద్ద ముట్టీవోల్లం. ఆడు గుమ్మం తొక్కిన సప్పుడు ఇనబడాల. అప్పుడు లేచి తింతాను."

జకర్యా లెక్క వేసుకున్నాడు. ఏడున్నరకు మాత్ర. నాలుగు దాటాక అన్నం. పొద్దునే పరగడుపని వచ్చే మనిషి కడుపు నిండా తిని మూడు గంటలే అయి ఉంటుంది. షుగరు ఎక్కువ కనబడక ఏమవుతుంది? అది చూసి తాను మాత్ర పెంచాడు. పెంచిన మాత్ర ఖాళీ కడుపులో పడింది. తర్వాత తానే ఆమెకు మతి చెడిందన్నాడు.

అతను లేచేలోపే ఆమె చేతులు చీర చెరగు కోసం వెతకడం మొదలుపెట్టాయి. నుదుటి మీద చెమట పట్టింది. "ఓలె సీతమ్మా, దీపం ఇలాగ తే," అంది. ఆ ఇంట్లో సీతమ్మ ఎవరూ లేరు. దేవిక పరుగున వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"చూశారా సార్? ఇదే."

జకర్యా వేలు పొడిచి రక్తం మిషనుకు తగిలించాడు. షుగరు యాభై కూడా లేదు. "పంచదార నీళ్ళు! తొందరగా!"

దేవిక గ్లాసు తెచ్చింది. దేముడమ్మ మొహం పక్కకు తిప్పేసుకుంది. బుగ్గ మీద నీళ్ళు కారాయి. "పడవ రానేదు. నానేటీ ముట్టను. పో." చేత్తో గ్లాసును తోసింది. డాక్టరు బతిమాలాడు, కోడలు గదమాయించింది. ఆమె పళ్ళు బిగపట్టింది. చెమటకు జాకెట్టు తడిసిపోతోంది.

"వాడికి ఫోను చెయ్యి," అన్నాడు జకర్యా. "వచ్చేశానని చెప్పమను. ఏదో ఒకటి చెప్పమను."

దేవిక ఫోను కలిపి, రెండు మాటలు చెప్పి, అత్తగారి చెవికి ఆనించింది. కన్నారావు గొంతు గదంతా వినిపించింది.

"అమ్మా! నాను కన్నాని. తినీసినానమ్మా! ఇప్పుడే క్యాంటీన్‌లో తినీసినాను! నువ్వు తాగు."

"తినీసినావా?"

"తినీసినాను! రోజూ ఎనిమిదింటికే తింతానమ్మా!"

ఆమె నోరు తెరిచింది. దేవిక గ్లాసు ఆనించింది. తాగింది, ఇంకో గ్లాసు కూడా తాగింది. కొంతసేపటికి చెమట ఆగింది. ఎదురుగా ఉన్న మనిషిని చూసి, "నువ్వింకా ఎల్లలేదేటి బాబూ?" అంది.

దేవిక నేల మీదే కూలబడింది. మెడలో కార్డు అప్పుడు తీసి పక్కన పెట్టింది. జకర్యా అన్నం కంచం తెచ్చి ముసలామె ముందు పెట్టి, తినడం అయ్యేదాకా కదల్లేదు. పేపరు జేబులోనే ఉంది.

*

మరునాడు చర్చికి వెళ్ళే వేళకు అతను చెప్పులు వేసుకున్నాడు.

"కీర్తనలు మొదలయ్యే వేళ. అటెక్కడికి?" అంది మార్త.

"కాప్రా."

ఆమె అతని మొహం చూసి, ఒక్కతే చర్చికి బయలుదేరింది.

కన్నారావు తలుపు తీశాడు. గడ్డం గీసుకోలేదు. సూట్‌కేసు గుమ్మం దగ్గరికి వచ్చింది. దేముడమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని దాని పక్కనే కూర్చుంది.

"తప్పు నాది," అన్నాడు జకర్యా నిలబడే. "ఆమెకు మతి చెడలేదు. ఖాళీ కడుపులో మాత్ర షుగరును మరీ దించేసింది. నేను అడగాల్సింది అడగలేదు. సాయంత్రం మాత్ర తీసేశాను. ఆ పేపరు మీద నేను సంతకం పెట్టను."

కన్నారావు అతనికి ఎదురుగా వచ్చాడు. "ఇంత తేలిగ్గా చెప్తున్నారేటండీ? మా అమ్మకి పిచ్చని నేను ఊరంతా చెప్పుకున్నాను. మా మేనమామలకి ఫోన్లు చేశాను. ఆఫీసు నుంచి పరిగెత్తుకొచ్చి, చెరువు గట్టు మీద జనం నవ్వుతుంటే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను."

"తేలిగ్గా చెప్పడం లేదు."

"మళ్ళీ గ్యాసు తిప్పితేనో సార్?" దేవిక వంటింటి గుమ్మంలోంచి అడిగింది. కోపంగా కాదు. "పిల్ల ఉంది ఇంట్లో. ఇంక జరగదని చెప్పగలరా?"

"ఖాయంగా చెప్పలేనమ్మా. మాత్ర మార్చగలను. రోజు విడిచి రోజు వచ్చి చూస్తాను. ఆమె తినే వేళ మార్చడం నా చేతిలో లేదు."

కింద కారు హారను వినిపించింది. ఎవరూ కదల్లేదు. హారను మళ్ళీ మోగింది. దేముడమ్మ మోకాళ్ళ మీద చేతులు వేసి లేచింది.

"కన్నా, ఎల్దారి పద. ఆల్లని నిలబెట్టడం ఎందుకు?" గుమ్మం దాకా వచ్చి ఆగింది. "ఒక్కటి అడుగుతాను. అక్కడ రేతిరి తిండి ఎన్నింటికి ఎడతారు?"

"ఏడింటికమ్మా."

"ఏడింటికి ఎడితే నాకెలాగ? నువ్వు ఇంటికొచ్చీసినావో నేదో అక్కడ నాకెలాగ తెలుస్తాది?"

కన్నారావు ఆమెను దాటుకుని మెట్లు దిగి పోయాడు. కిందన అతని గొంతు, డ్రైవరు గొంతు కలిసి వినిపించాయి. డ్రైవరు కేకలు వేశాడు. తర్వాత కారు తిరిగి వెళ్ళిన చప్పుడు. పైకి వచ్చేసరికి అతను రొప్పుతున్నాడు.

"ఎనిమిదింటికి నాకు బ్రేకు ఉంటుంది," అన్నాడు ఎవరి వైపూ చూడకుండా. "రోజూ ఫోను చేస్తాను. తిన్నానని చెప్తాను. అప్పుడు నువ్వు తినాల. నా మీద ఒట్టు."

"ఒట్లేటి, తప్పు," అంది దేముడమ్మ.

"సాలునా అని అడుగుతున్నాను."

ఆమె ఆలోచించింది. "సూద్దారి," అంది.

దేవిక సూట్‌కేసును కాలితో గోడవైపు జరిపి, హాలులో చాప పరిచింది. కంచాలు పెట్టింది. డాక్టరు వెళ్తానన్నాడు. ఆమె అతని ముందు కూడా ఒక కంచం పెట్టింది. అన్నం వడ్డించి, చేపల పులుసు గిన్నె తెచ్చి మధ్యలో పెట్టి, పూజితను పక్కన కూర్చోబెట్టుకుని తనూ కూర్చుంది.

దేముడమ్మ గోడకు ఆనుకుని నిలబడే ఉంది. కన్నారావు తన పక్కన చాపను అరచేత్తో తట్టాడు. ఆమె వచ్చి కూర్చుంది, కంచం మాత్రం ముట్టలేదు. కొడుకు చేతి వైపు చూసింది. అతను అన్నం కలిపి, ముద్ద చేసి, నోటి దాకా తెచ్చి ఆపాడు. ఆమె చేతి వైపు చూస్తూ అలాగే ఉండిపోయాడు. పులుసు అతని మణికట్టు మీదికి కారింది. ఫ్యాను తిరుగుతోంది. దేవిక కూడా తినడం ఆపింది.

దేముడమ్మ వేళ్ళు అన్నంలోకి దిగాయి. చిన్న ముద్ద చేసింది. ఇద్దరూ ఒకేసారి నోట పెట్టుకున్నారు.

ఆ తర్వాత అందరూ తిన్నారు. పులుసులో ఉప్పు ఎక్కువైంది. ఎవరూ ఆ మాట అనలేదు.